వృథా వేడి నుంచి విద్యుత్తు: స్ఫటికాలలో ఉష్ణప్రసారాన్ని తగ్గించే పరిశోధనలు – ఒక పరిశీలన

(ప్రత్యేక వ్యాసం)

బొగ్గు ఆధారిత విద్యుత్ కేంద్రాలలో బొగ్గులోని శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే విద్యుత్తుగా మారుతుండగా, మిగిలిన భాగమంతా పొగగొట్టాల ద్వారా, శీతలీకరణ నీటి ద్వారా వేడి రూపంలో వాతావరణంలో కలిసిపోతున్నది. ఉక్కు, సిమెంటు, గాజు కర్మాగారాల కొలిములలోనూ, వాహనాల ఇంజన్లలోనూ ఇదే పరిస్థితి నెలకొని ఉంది. ఈ వేడిలో కొంత భాగాన్నైనా, కదిలే యంత్రభాగాల అవసరం లేకుండా, నేరుగా విద్యుత్తుగా మార్చగల పదార్థాలను ఉష్ణవిద్యుత్ పదార్థాలు అంటారు. వీటి సామర్థ్యాన్ని పెంచేందుకు ప్రపంచవ్యాప్తంగా సాగుతున్న పరిశోధనలలో అత్యధిక భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి. స్ఫటికంలో విద్యుత్ ప్రవాహానికి ఆటంకం కలగకుండా వేడి ప్రవాహాన్ని మాత్రమే తగ్గించడం ఎలా? ఈ ప్రశ్నకు బెంగుళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్రీయ పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు 2021లో చెప్పిన సమాధానం అంతర్జాతీయంగా గుర్తింపు పొందింది.

అయితే, ఇటువంటి ఫలితాలు వెలువడిన ప్రతిసారీ వృథా వేడి అంతా త్వరలోనే విద్యుత్తుగా మారనున్నదన్న భావన ప్రజలలో ఏర్పడుతున్నది. ప్రయోగశాలలో సాధించిన ఒక అంకెకు, కర్మాగారంలో వెలిగే ఒక దీపానికి మధ్య ఉన్న దూరం ఎంత అన్నది వార్తలు రాసే పాత్రికేయులకు, నిధులు కేటాయించే అధికారులకు స్పష్టంగా తెలియవలసి ఉంది. సాధించిన ప్రగతిని తక్కువ చేయకుండా, మిగిలి ఉన్న పనిని మరుగుపరచకుండా ఈ అంశాన్ని పరిశీలించడం అవసరం.

రెండు శతాబ్దాల నేపథ్యం

రెండు వేర్వేరు లోహాలను కలిపి, ఒక కలయికను వేడిగాను, రెండవ కలయికను చల్లగాను ఉంచినప్పుడు సమీపంలోని అయస్కాంత సూచి కదలడాన్ని 1821లో థామస్ యోహాన్ సీబెక్ గమనించారు. ఆయన దీనిని అయస్కాంత ప్రభావంగా భావించగా, వాస్తవంగా అక్కడ విద్యుత్ ప్రవాహం పుడుతున్నదని ఆర్‌స్టెడ్ వివరించారు. 1834లో ఫ్రాన్స్‌కు చెందిన పెల్టియర్ దీనికి విపర్యయమైన ప్రభావాన్ని కనుగొన్నారు. అనగా, విద్యుత్తును పంపితే ఒక కలయిక చల్లబడి మరొకటి వేడెక్కుతుంది. 1950 దశకంలో సోవియట్ శాస్త్రవేత్త అబ్రామ్ యోఫే లోహాలకు బదులు అర్ధవాహకాలను వినియోగించడానికి సిద్ధాంత భూమికను ఏర్పరచగా, 1954లో బ్రిటన్‌లో గోల్డ్‌స్మిడ్ తదితరులు బిస్మత్ టెల్యూరైడ్ సామర్థ్యాన్ని నిరూపించారు. నేటికీ చిన్న శీతలీకరణ పరికరాలలో ప్రధానంగా వాడుతున్నది ఈ పదార్థాన్నే.

ఈ సాంకేతికత విశ్వసనీయతకు అంతరిక్ష నౌకలే నిదర్శనం. 1977లో అమెరికా ప్రయోగించిన రెండు వాయేజర్ నౌకలకు ప్లుటోనియం నుంచి వెలువడే వేడిని సిలికాన్-జెర్మేనియం మిశ్రమం విద్యుత్తుగా మార్చి అందించింది. సూర్యకాంతి చాలా తక్కువగా చేరే దూరాలలో, మరమ్మత్తుకు అవకాశం లేని స్థితిలో అవి 45 సంవత్సరాలకు పైగా పనిచేశాయి. 2012లో అంగారకునిపై దిగిన క్యూరియాసిటీ వాహనానికి అమర్చిన జనరేటరు సుమారు 2,000 వాట్ల వేడి నుంచి సుమారు 110 వాట్ల విద్యుత్తును ఇచ్చింది. అంటే సామర్థ్యం ఆరు శాతం లోపు మాత్రమే. అంతరిక్షంలో విశ్వసనీయత ముఖ్యం కనుక ఆ మాత్రం సరిపోయింది. భూమి మీద ఖర్చును లెక్కించవలసి వచ్చినప్పుడు అది చాలదు.

యోగ్యతాంకం అంటే ఏమిటి

ఉష్ణవిద్యుత్ పదార్థాల నాణ్యతను ఒక యోగ్యతాంకంతో కొలుస్తారు. శాస్త్ర పరిభాషలో దీనిని జడ్.టి. అని వ్యవహరిస్తారు. ఒక్కొక్క డిగ్రీ ఉష్ణోగ్రతా భేదానికి పుట్టే వోల్టేజిని వర్గం చేసి, దానిని విద్యుద్వాహకతతోను, ఉష్ణోగ్రతతోను గుణించి, ఉష్ణవాహకతతో భాగించగా వచ్చేదే ఈ అంకం. భాజక స్థానంలో ఉష్ణవాహకత ఉన్నందున, పదార్థం వేడిని ఎంత తక్కువగా ప్రసరింపజేస్తే యోగ్యత అంతగా పెరుగుతుంది. ఒక వైపు వేడి మరొక వైపునకు సులభంగా ప్రవహించిపోతే ఉష్ణోగ్రతా భేదమే నిలవదు. భేదం లేనిచోట విద్యుత్తు పుట్టదు.

సమస్య ఇక్కడే ఉంది. విద్యుత్తును బాగా ప్రసరింపజేసే రాగి వేడిని కూడా అంతే వేగంగా ప్రసరింపజేస్తుంది. రాగి ఉష్ణవాహకత సుమారు 400 (మీటరుకు, కెల్విన్‌కు వాట్లలో) కాగా, గాజుది సుమారు 1. కాని గాజు విద్యుత్తును ప్రసరింపజేయదు. ఈ రెండు గుణాలను ఒకే పదార్థంలో సమకూర్చాలన్న ఆలోచనను అమెరికా శాస్త్రవేత్త గ్లెన్ స్లాక్ 1995లో ఒక సూత్రంగా ప్రతిపాదించారు. విద్యుత్తుకు స్ఫటికం వలె, వేడికి గాజు వలె ప్రవర్తించే పదార్థమే ఆదర్శమని దాని సారాంశం. పిండిని వదలి పొట్టును ఆపే జల్లెడ వంటి పదార్థాన్ని నిర్మించడమే ఇందులో లక్ష్యం.

ఘనపదార్థాలలో వేడి రెండు మార్గాలలో ప్రయాణిస్తుంది. మొదటిది విద్యుత్తును మోసే ఎలక్ట్రాన్ల ద్వారా. రెండవది పరమాణువుల సామూహిక కంపనాల ద్వారా. ఈ కంపన తరంగాలనే ఫోనాన్లు అంటారు. ఎలక్ట్రాన్లు మోసే వేడి విద్యుద్వాహకతకు అనుగుణంగానే ఉంటుందని 1853లోనే వీడెమాన్, ఫ్రాంజ్ గుర్తించారు. దానిని తగ్గిస్తే విద్యుత్తు కూడా తగ్గుతుంది. కనుక పరిశోధకుల ముందున్న ప్రధానమైన మార్గం స్ఫటిక జాలకంలోని ఫోనాన్లను అడ్డగించడమే.

ఇప్పటివరకు అనుసరించిన మార్గాలు

మొదటి మార్గం మిశ్రమ పద్ధతి. స్ఫటికంలో కొన్ని పరమాణువుల స్థానంలో వేరే బరువు గల పరమాణువులను చేర్చితే తక్కువ తరంగదైర్ఘ్యం గల ఫోనాన్లు చెదరిపోతాయి. యోఫే కాలం నుంచి ఇదే పునాది.

రెండవ మార్గం పంజరాల వంటి స్ఫటికాలను ఎంచుకోవడం. నార్వేలోని స్కుటెరూడ్ గనుల పేరుతో ప్రసిద్ధమైన స్కుటెరుడైట్ ఖనిజ నిర్మాణంలో పరమాణువుల మధ్య ఖాళీ గదులు ఉంటాయి. ఆ గదులలో బరువైన అరుదైన మృత్తికా లోహపు పరమాణువులను ఉంచితే అవి వదులుగా కదులుతూ వేడి తరంగాలను భంగపరుస్తాయి. 1990 దశకంలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల ఈ దిశగా ముఖ్యమైన ఫలితాలను సాధించింది.

మూడవది నానో నిర్మాణ మార్గం. సిలికాన్‌లో వేడిని మోసే ఫోనాన్లు చెదరకుండా వందల నానోమీటర్ల దూరం ప్రయాణించగా, ఎలక్ట్రాన్లు అంతకంటె చాలా తక్కువ దూరంలోనే దిశ మార్చుకుంటాయి. ఈ రెండు దూరాలకు మధ్య పరిమాణంలో అడ్డంకులను అమర్చితే వేడి ఆగుతుంది, విద్యుత్తు సాగుతుంది. 2008లో కాలిఫోర్నియాలోని రెండు పరిశోధక బృందాలు సిలికాన్‌ను నానో తీగలుగా మలచి దాని ఉష్ణవాహకతను సుమారు వంద రెట్లు తగ్గించగలిగాయి. సాధారణ సిలికాన్ ఈ ప్రయోజనానికి ఏమాత్రం పనికిరాని పదార్థం కావడం ఈ సందర్భంలో గమనార్హం.

ఈ మార్గాలను మేళవించి, పరమాణు స్థాయి నుంచి రేణువుల అంచుల స్థాయి వరకు వివిధ పరిమాణాలలో అడ్డంకులను ఏర్పరచే విధానాన్ని అమెరికాలోని నార్త్ వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో మెర్కూరి కనట్జిడిస్ బృందం 2012లో ప్రకటించింది. లెడ్ టెల్యూరైడ్‌లో స్ట్రాన్షియం టెల్యూరైడ్ నానో కణాలను పొదిగి, 915 కెల్విన్, అనగా సుమారు 642 డిగ్రీల సెల్సియస్ వద్ద 2.2 యోగ్యతాంకాన్ని సాధించారు. ఆ పరిశోధనా పత్రానికి ప్రథమ రచయిత డాక్టర్ కనిష్క బిశ్వాస్. బెంగుళూరు బృందానికి తదనంతర కాలంలో నాయకత్వం వహించినది ఆయనే.

బెంగుళూరు ఫలితం ప్రత్యేకత

పైన పేర్కొన్న పద్ధతులన్నింటిలోనూ క్రమరాహిత్యమే ఆయుధం. స్ఫటికాన్ని ఎంతగా కలతపరిస్తే వేడి అంతగా ఆగుతుంది. కాని ఆ కలత ఎలక్ట్రాన్లకు కూడా ఎంతోకొంత అడ్డు తగులుతుంది. అందువలన ఒక స్థాయి దాటిన తరువాత ఈ పద్ధతులలో లాభం తగ్గిపోతుంది.

2021 ఫిబ్రవరిలో సైన్స్ పత్రికలో ప్రచురితమైన బెంగుళూరు బృందం పత్రం ఈ ఆలోచనా సరళికి భిన్నమైన దిశను చూపింది. వారు ఎంచుకున్న పదార్థం సిల్వర్ యాంటిమొనీ టెల్యూరైడ్. ఇది ఉప్పు స్ఫటికపు అమరికను పోలి ఉంటుంది. ఇందులో వెండి, యాంటిమొనీ పరమాణువులు తమకు కేటాయించిన స్థానాలలో ఒక క్రమం లేకుండా, వెదజల్లిన విత్తనాల వలె సర్దుకుని ఉంటాయి. ఈ కారణంగా దాని ఉష్ణవాహకత స్వతహాగానే తక్కువ. అయితే అదే అస్తవ్యస్తత విద్యుదావేశాలను అక్కడక్కడ బంధించి ప్రవాహాన్ని మందగింపజేస్తున్నది.

ఈ పదార్థానికి నూటికి సుమారు 6 పాళ్ల కాడ్మియంను చేర్చినప్పుడు వెండి, యాంటిమొనీ పరమాణువుల అమరికలో క్రమం పెరిగినట్లు శాస్త్రవేత్తలు గుర్తించారు. పొలంలో వరుస నాట్ల మధ్య దారి తెరుచుకున్నట్లుగా విద్యుదావేశాలకు మార్గం సుగమమైంది. అదే సమయంలో, ఈ క్రమబద్ధత స్ఫటికమంతటా ఒకే విధంగా కాక 2 నుంచి 4 నానోమీటర్ల చిన్న చిన్న మడులుగా ఏర్పడింది. ఆ మడుల సరిహద్దుల వద్ద వేడి తరంగాలు చెదరిపోయాయి. ఫలితంగా విద్యుద్వాహకత పెరగడం, ఉష్ణవాహకత తగ్గడం ఒకేసారి సాధ్యపడింది. 573 కెల్విన్, అనగా 300 డిగ్రీల సెల్సియస్ వద్ద యోగ్యతాంకం 2.6కు చేరింది.

ఈ అంకె కంటె ఉష్ణోగ్రతకు ఎక్కువ ప్రాధాన్యం ఉంది. గతంలో 2కు మించిన ఫలితాలు అత్యధికంగా 600 డిగ్రీల పరిసరాలలో లభించినవి. పరిశ్రమల పొగగొట్టాలలోనూ, వాహనాల పొగలోనూ లభించే వేడి చాలావరకు అంతకంటె తక్కువ స్థాయిలోనే ఉంటుంది. 300 డిగ్రీల వద్ద మంచి పనితీరు చూపే పదార్థం లభించడం ఆచరణకు ఒక అడుగు దగ్గర కావడమే. అదే సంవత్సరం రసాయన శాస్త్ర విభాగంలో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం పొందిన వారిలో డాక్టర్ బిశ్వాస్ ఒకరు.

కొలతల విషయంలో ఒక గుణపాఠం

ఈ రంగంలో ప్రకటించిన అంకెలను పరిశీలించకుండా స్వీకరించరాదనడానికి టిన్ సెలినైడ్ ఉదంతం తగిన ఉదాహరణ. 2014లో నేచర్ పత్రికలో వెలువడిన పత్రం ఈ పదార్థపు ఏకస్ఫటికానికి 923 కెల్విన్ వద్ద 2.6 యోగ్యతాంకాన్ని ప్రకటించింది. ఉష్ణవాహకత అసాధారణంగా తక్కువగా ఉండటమే ఇందుకు కారణమని తెలిపింది. కాని ఇతర ప్రయోగశాలలలో, ముఖ్యంగా పొడిని అదిమి తయారుచేసిన నమూనాలలో, ఉష్ణవాహకత అంతకంటె ఎక్కువగా నమోదైంది. అనేక చిన్న స్ఫటికాలు కలిసిన నమూనాలో వేడి ఇంకా తక్కువగా ప్రవహించవలసి ఉండగా, అందుకు విరుద్ధమైన ఫలితం రావడంతో ఈ విషయమై సంవత్సరాల తరబడి శాస్త్రీయ చర్చ నడిచింది.

2021లో దక్షిణ కొరియా, అమెరికా శాస్త్రవేత్తలు ఈ చిక్కుముడిని విప్పారు. పొడి రేణువులపై ఏర్పడిన పలుచని టిన్ ఆక్సైడ్ పొర వేడికి దారి కల్పిస్తున్నదని, ఆ ఆక్సైడ్ ఉష్ణవాహకత టిన్ సెలినైడ్ కంటె వంద రెట్లకు పైగా ఎక్కువని వారు కనుగొన్నారు. ఆక్సైడ్‌ను తొలగించిన తరువాత 783 కెల్విన్ వద్ద యోగ్యతాంకం 3.1కి చేరింది. ఒక పలుచని తుప్పు పొర ఇంతటి వ్యత్యాసానికి కారణమైనప్పుడు, తయారీలో శుద్ధతకు ఎంతటి ప్రాముఖ్యం ఉన్నదో వేరుగా చెప్పనవసరం లేదు. ప్రయోగశాలలో గ్రాముల లెక్కన సాధించిన శుద్ధతను కర్మాగారంలో టన్నుల లెక్కన నిలబెట్టుకోవడం వేరే స్థాయి సమస్య.

విద్యుత్తు ఎంత లభిస్తుంది

యోగ్యతాంకానికి, సామర్థ్య శాతానికి మధ్య తేడాను గ్రహించడం అత్యవసరం. వేడి వైపు 300 డిగ్రీలు, చల్లని వైపు 27 డిగ్రీలు ఉన్న పరికరాన్ని ఉదాహరణగా తీసుకుంటే, ప్రకృతి నియమాల ప్రకారం ఏ యంత్రానికైనా సాధ్యమయ్యే గరిష్ఠ సామర్థ్యం సుమారు 48 శాతం. ఈ ఉష్ణోగ్రతల శ్రేణి అంతటా సగటు యోగ్యతాంకం 1గా ఉంటే ఉష్ణవిద్యుత్ పరికరం సామర్థ్యం గణితరీత్యా సుమారు 10 శాతం. సగటు 2 అయితే సుమారు 15 శాతం. సగటు 2.6 అయితే సుమారు 18 శాతం.

ఇక్కడ సగటు అన్న పదం కీలకం. పత్రాలలో ప్రకటించే 2.6 వంటి అంకెలు ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత వద్ద లభించే శిఖర విలువలు మాత్రమే. పరికరంలో ఒక కొస వేడిగాను మరొక కొస చల్లగాను ఉంటాయి కనుక పదార్థమంతా శిఖర స్థాయిలో పనిచేయదు. దీనికి తోడు లోహపు అతుకుల వద్ద నిరోధం, వేడిని పరికరంలోనికి తీసుకుని వచ్చే చోట జరిగే నష్టం కూడా కలుస్తాయి.

అన్ని రకాల వృథా వేడి ఒకే విలువ గలది కూడా కాదు. థర్మల్ కేంద్రాల శీతలీకరణ నీరు పరిసరాల కంటె 15 డిగ్రీలు మాత్రమే ఎక్కువ వేడిగా ఉందనుకుంటే, యోగ్యతాంకం 1 గల పరికరానికి ఒక శాతం సామర్థ్యం కూడా రాదు. పరిమాణంలో అతి పెద్దదైన ఈ వేడి ఉష్ణవిద్యుత్తుకు దాదాపు అందుబాటులో లేనిదే. మరొక కొసన, ఎక్కువ వేడి ఒకేచోట పెద్ద మొత్తంలో లభించినప్పుడు ఆవిరి టర్బైన్ దీనికంటె మెరుగైన సాధనం. విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో ఎర్రగా కాలిన కోక్‌ను నీటితో కాకుండా నత్రజని వాయువుతో చల్లార్చి, ఆ వేడితో ఆవిరిని, ఆవిరితో విద్యుత్తును ఉత్పత్తి చేసే విధానం అమలులో ఉండటం తెలిసినదే.

ఈ రెండింటి నడుమ, అనగా టర్బైన్ పెట్టడానికి సరిపోనంత చిన్న పరిమాణంలో, చెదురుమదురుగా, 200 నుంచి 500 డిగ్రీల మధ్య లభించే వేడే ఉష్ణవిద్యుత్ పరికరాలకు సహజమైన క్షేత్రం. కొలిమి గోడలు, వేడి గొట్టాలు, ఇంజన్ల పొగమార్గాలు, తీగలు వేయడం కష్టమైన చోట్ల ఉష్ణోగ్రతను, ఒత్తిడిని నమోదు చేసే సెన్సార్లు ఈ కోవలోకి వస్తాయి.

ముడిసరుకుల ప్రశ్న

స్ఫటికాల భౌతిక శాస్త్రం ఎంత పురోగమించినా, వాటిని తయారుచేయడానికి మూలకాలు లభించాలి. బిస్మత్ టెల్యూరైడ్, లెడ్ టెల్యూరైడ్, సిల్వర్ యాంటిమొనీ టెల్యూరైడ్ అన్నింటిలోనూ టెల్యూరియం ఉమ్మడి మూలకం. భూమి పైపొరలో అత్యంత అరుదైన మూలకాలలో ఇది ఒకటి. దీనిని ప్రధానంగా రాగి శుద్ధి కర్మాగారాలలో మిగిలే మడ్డి నుంచి సేకరిస్తారు. రాగి ఉత్పత్తితో ముడిపడి ఉన్నందున గిరాకీ పెరిగినంత మాత్రాన సరఫరా పెరగదు. పైగా సౌర ఫలకాల పరిశ్రమ కూడా ఇదే మూలకాన్ని కోరుతున్నది.

2025 ఫిబ్రవరి 4న చైనా టంగ్‌స్టన్, టెల్యూరియం, బిస్మత్, మాలిబ్డినం, ఇండియం సంబంధిత వస్తువుల ఎగుమతులపై నియంత్రణలను ప్రకటించింది. ఈ ఐదింటిలో రెండు ఉష్ణవిద్యుత్ పరికరాలకు మూలాధారమైనవి. భారత ప్రభుత్వం 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో టెల్యూరియం, బిస్మత్, యాంటిమొనీ, సెలీనియం, తగరం, జెర్మేనియం, కాడ్మియం చోటు చేసుకున్నాయి. 2025 జనవరిలో జాతీయ కీలక ఖనిజాల మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఈ మిషన్ కింద ప్రత్యేక నైపుణ్య కేంద్రాలుగా గుర్తింపు పొందిన సంస్థలలో ఐ.ఐ.టి. హైదరాబాద్, హైదరాబాదులోని ఇనుమేతర పదార్థాల సాంకేతిక అభివృద్ధి కేంద్రం, అనగా ఎన్.ఎఫ్.టి.డి.సి. ఉన్నాయి. నగర శివారు చర్లపల్లిలోని సి-మెట్ ప్రయోగశాల టెల్యూరియం వంటి మూలకాలను అత్యంత శుద్ధ స్థితికి తెచ్చే పరిజ్ఞానంపై చాలా కాలంగా కృషి చేస్తున్నది. బెంగుళూరులో రూపొందిన స్ఫటికం పరిశ్రమగా మారాలంటే ఈ శుద్ధి పరిజ్ఞానం అవసరమవుతుంది.

ఇందుకు తోడు ఆరోగ్య, పర్యావరణ అంశాలను కూడా విస్మరించరాదు. సీసం, కాడ్మియం విషలోహాలు. పరికరం ఆయుష్షు తీరిన తరువాత వాటిని తిరిగి సేకరించే ఏర్పాటు లేకుండా విస్తృత వినియోగానికి పూనుకోవడం ఒక సమస్యను తీర్చి మరొక సమస్యను తెచ్చుకోవడమే కాగలదు.

పరిశీలించవలసిన అంశాలు

ఈ రంగంలో కొత్త ఫలితం లేదా కొత్త ప్రతిపాదన ముందుకు వచ్చినప్పుడు పాత్రికేయులు, అధికారులు కింది అంశాలను అడిగి తెలుసుకోవడం ఉపయుక్తం.

1. ప్రకటించిన యోగ్యతాంకం ఏ ఉష్ణోగ్రత వద్ద లభించినది? శిఖర విలువా లేక పనిచేసే శ్రేణి అంతటికీ సగటు విలువా?

2. ఫలితం పదార్థపు ముక్కకు సంబంధించినదా లేక పూర్తి పరికరానికి సంబంధించినదా? పరికరమైతే కొలిచి చూసిన సామర్థ్య శాతం ఎంత?

3. ప్రతి పరికరానికి ధనావేశాలను, రుణావేశాలను మోసే రెండు రకాల పదార్థాలు అవసరం. సిల్వర్ యాంటిమొనీ టెల్యూరైడ్ ధనావేశ రకానికి చెందినది. దానికి సరితూగే జోడీ పదార్థం సిద్ధంగా ఉన్నదా?

4. ఉష్ణవాహకతను ఏ విధంగా కొలిచారు? నమూనా సాంద్రతను పేర్కొన్నారా? మరొక ప్రయోగశాలలో అదే ఫలితం వచ్చిందా?

5. వేడెక్కుతూ చల్లారుతూ ఉండే స్థితిలో పరికరం ఎన్ని వేల గంటలు పనిచేసింది?

6. అవసరమైన మూలకాలు ఎక్కడి నుంచి లభిస్తాయి? వాడిన తరువాత వాటి గతి ఏమిటి?

7. అదే వేడిని ఆవిరి టర్బైన్ ద్వారా గాని, ముడిసరుకును ముందుగా వేడిచేయడానికి గాని వినియోగించడం చవక కాదా?

ఈ ప్రశ్నలకు సమాధానాలు లభించినప్పుడే ఒక ప్రతిపాదన నిధులకు అర్హమైనదీ లేనిదీ నిర్ణయించడం సాధ్యపడుతుంది. కొన్ని ప్రశ్నలకు ఇంకా సమాధానం లేకపోవడం ఒక పరిశోధనను తిరస్కరించడానికి కారణం కారాదు. అది ప్రయోగశాల దశలో ఉన్నదా, నమూనా పరికరం దశకు చేరిందా అన్నది గుర్తించి, ఆ దశకు తగిన సహాయం అందించడమే వివేకవంతమైన మార్గం.

మొత్తం మీద, స్ఫటికంలో క్రమం పెంచి కూడా వేడిని నిలువరించవచ్చునని నిరూపించడం భారతీయ శాస్త్రరంగానికి గర్వకారణమైన విజయం. క్రమరాహిత్యం ద్వారానే ఉష్ణప్రసారం తగ్గుతుందన్న దశాబ్దాల అవగాహనకు ఇది కొత్త చేర్పు. ఈ విజయం విలువ 2.6 అనే అంకెలో కంటె అది తెరచిన మార్గంలో ఎక్కువగా ఉన్నది. ఆ మార్గంలో జోడీ పదార్థం, మన్నికగల అతుకులు, శుద్ధమైన మూలకాల సరఫరా, వాడిన లోహాల పునఃసేకరణ అనే నాలుగు మజిలీలు ఇంకా మిగిలి ఉన్నాయి. వీటిలో మూడవ దానికి అవసరమైన సంస్థాగత పునాది హైదరాబాదులో ఇప్పటికే ఉండటం తెలుగు రాష్ట్రాలకు సంబంధించినంత వరకు ఆశాజనకమైన అంశం.